మిషన్లు ఆగిన పూట

పడుకుంటే గానీ తెలియలేదు పిన్నికి, ఈ గదికి పైకప్పు ఇంత ఎత్తున ఉందని. ఇన్నేళ్ళూ నిలబడి, తల వంచుకుని, దుప్పటి అంచునీ మడత గీతనీ చూసుకుంటూ బతికిన మనిషికి పైకి చూడాల్సిన పని ఎప్పుడొచ్చింది గనక. పైన ఆవిరి గొట్టాలున్నాయి, వాటికి చుట్టిన గుడ్డలు నల్లబడి వేలాడుతున్నాయి, ఆ మూల ఒక పిచ్చుక గూడు కూడా ఉంది, చూడు దీని సోకు, ఈ వేడిలో మాకే ఊపిరాడక చస్తుంటే ఇది దర్జాగా కాపురం పెట్టింది, అనుకుంది. వీపు కింద బల్ల వెచ్చగా తగులుతోంది. ఇస్త్రీ బల్ల. పొద్దున్నించీ దీని మీదే హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసి, ఆ వేడి ఆరకముందే తనే ఎక్కి పడుకుంది, తల కింద తువ్వాలు మడత, ఛాతీ మీద చల్లటి బంక, బంక మీద రబ్బరు బుడిపెలు, బుడిపెలకి తీగలు, తీగల చివర నర్సమ్మ ఒళ్ళో చిన్న పెట్టె. "కదలకండి పిన్నిగారూ. మాట్లాడకండి కూడా" అంది నర్సమ్మ. కదలొద్దంటే సరే గానీ మాట్లాడొద్దనడం పెద్ద శిక్షే, అసలు ఈ లాండ్రీలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పిన్ని అయిందే ఆ నోటి వల్ల. నోరు మూసుకుంటే మాత్రం బుర్ర ఊరుకుంటుందా.

చుట్టూ నాలుగు పక్కలా దుప్పట్లు వేలాడదీశారు, తాడు లాగి, క్లిప్పులు పెట్టి. హోటల్లో పెద్ద పెద్ద వాళ్ళు పడుకునే దుప్పట్లు. వాటిని ఉతికింది, ఆరేసింది, మడతపెట్టింది, ఒక్క పూట కూడా వాటి మీద నడుం వాల్చిన పాపాన పోలేదు, ఇవాళ వాటి మధ్యన మహారాణిలా పడుకుంటే నవ్వొస్తోంది, నవ్వితే ఆ పెట్టె గీసే గుండె గీత చెడిపోతుందట. దుప్పట్ల అవతల మిషన్ల రొద. ఉతికే డ్రమ్ములు దొర్లుతున్నాయి, పెద్ద రోలర్ల మిషను తడి దుప్పట్లని ఒక పక్క మింగి రెండో పక్క కక్కుతోంది, ఆ అదురు బల్ల కాళ్ళలోంచి ఎక్కి తన పళ్ళ దాకా వస్తోంది. ఆ రొదలో ఆడవాళ్ళ గుసగుసలు వినబడవు గానీ వాళ్ళెక్కడున్నారో పిన్నికి తెలుసు. గోడకి ఆనుకుని, ఏప్రన్లు నలుపుకుంటూ, అందరూ. పని జరిగేటప్పుడే మనిషి తర్వాత మనిషి వచ్చి చూపించుకోండని ఎంత బతిమాలి ఒప్పించింది, అందరూ తలలూపారు, తీరా చేసి మొదటి మనిషే కొంప ముంచింది. ఉతుకు సెక్షన్లో తొందరమ్మ అని ఒకావిడ ఉంది, పేరుకి తగ్గట్టు అందరికంటే ముందే ఎక్కి పడుకుంది, పెట్టెలోంచి కాగితం వచ్చింది, కాగితం మీద గీత సన్నగా ఉండాల్సింది పోయి గొంగళిపురుగులా బొచ్చు బొచ్చుగా వణికిపోతూ ఉంది. నర్సమ్మ ఇంకా నోరు తెరవకముందే తొందరమ్మ ఆ కాగితం చూసేసి, అమ్మో నా గుండె ఇట్లా వణుకుతోందా అని, బుడిపెలు పీకేసుకుని, బల్ల దిగి, లాండ్రీ అంతా చాటింపు వేసి వచ్చింది. అంతే, ఇక ఒక్కరు ముందుకొస్తే ఒట్టు. మాకేం వద్దు పిన్నీ, ఉన్న గుండెతోనే ఏదో గడిచిపోతోంది, ఇప్పుడది బాగాలేదని తెలుసుకుని ఏం చేసుకోవాలి అన్నారు.

వాళ్ళు ఎవరు ఎక్కినా ఎక్కకపోయినా, పిల్ల ఎక్కాలి. అదొక్కటే పిన్నికి కావలసింది. పిల్ల అంటే నిజంగా పిల్లేం కాదు, ముప్ఫై దాటాయి, ఇద్దరు బిడ్డల తల్లి. అయినా అక్క కూతురు గనక పిన్నికి ఎప్పటికీ పిల్లే. అక్క కూడా తోడబుట్టిన అక్క కాదు, దుప్పటికి రెండో కొస పట్టుకునే అక్క. ఈ పనిలో అదే చుట్టరికం. దుప్పటి ఒక్కరు మడతపెట్టలేరు, ఇద్దరు కావాలి, ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు, లాగి దులపాలి, మధ్యకి మడిచి ఒకరికొకరు ఎదురు నడవాలి, కొసలు కొసలకి అందించాలి, మళ్ళీ వెనక్కి నడవాలి. రోజంతా అలా దగ్గరికొచ్చి దూరంగా వెళ్ళి, దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక మాట, దూరం వెళ్ళాక దానికి జవాబు ఆలోచించుకోవడం. అక్కా తనూ అలా మాట్లాడుకోని విషయం లేదు. మొగుళ్ళ సంగతీ, పిల్లల చదువులూ, ఎవరి మోకాలు ఎక్కడ పట్టేసిందీ. రాత్రి ఇంట్లో పూనిన అలక కూడా మధ్యాహ్నం మడతల్లో తీరిపోయేది. కట్టుకున్నవాడితో కూడా ఇన్ని అడుగులు ఎదురు నడిచి ఉండదు పిన్ని.

నర్సమ్మ నాలుక చప్పరించింది. ఆ చప్పుడు పిన్నికి వినబడింది, అంత రొదలోనూ. ఏమిటమ్మా అని కళ్ళతో అడిగింది. ఏం లేదు, మళ్ళీ తీద్దాం అంది నర్సమ్మ, బుడిపెలు సర్దింది. ఏం లేదంటే ఏదో ఉందని కాదూ. బొచ్చు గీతే వచ్చిందేమో. తనది కూడా. అప్పటిదాకా వణికేది తొందరమ్మ గుండె, ఇప్పుడు వణికేది తన గుండె, మాటల్లో తేడా అంతే గానీ ఒంట్లో ఎంత తేడా.  అసలు మన మాటల్లో ఉన్నంత గుండె ఎవరి మాటల్లోనైనా ఉందా, గుండె గుభేలుమంది అంటాం, గుండె రాయి చేసుకున్నా అంటాం, గుండెల మీద కుంపటి అంటాం, గుండెలు తీసిన బంటు అని తిడతాం, పొద్దున లేస్తే పడుకునేదాకా నాలుక మీద గుండే. ఏనాడైనా ఎవరైనా వెళ్ళి దాన్ని చూపించుకున్నారా. పన్ను నొప్పికి వెళ్ళాం, కానుపుకి వెళ్ళాం, పిల్లాడి జ్వరానికి ఉరుకులు పరుగుల మీద వెళ్ళాం. గుండెకి వెళ్ళలేదు. గుండె అంటే మగవాళ్ళకొచ్చే జబ్బు, కుర్చీలో కూర్చుని కడుపు పెంచినవాళ్ళకొచ్చే జబ్బు అనుకున్నాం. నిలబడి చెమటోడ్చేవాళ్ళకి రాదనుకున్నాం.

మనకొచ్చేది ఇస్త్రీ నొప్పి. ఈ లాండ్రీలో పుట్టిన పేరే అది, ఏ డాక్టరుకీ తెలియదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారమే వస్తుంది, భుజం నుంచి మోచేతి దాకా లాగేస్తుంది, పాతవాళ్ళు నవ్వి, వచ్చిందా ఇస్త్రీ నొప్పి, ఇక నువ్వు మా మనిషివే అంటారు, తైలం రాస్తారు. అంత మామూలైపోయిన నొప్పి కాబట్టి ఏది లాగినా అదే పేరు. మెడ లాగితే ఇస్త్రీ నొప్పి, వీపు లాగితే ఇస్త్రీ నొప్పి. అక్కకి ఎడమ చెయ్యి లాగినప్పుడు కూడా అదే అన్నారు. తనూ అదే అంది. ఇస్త్రీ పెట్టె పట్టేది కుడి చేత్తో కదా, ఎడమ చెయ్యి ఎందుకు లాగుతుందని లాండ్రీ మొత్తంలో ఒక్కరికి తోచలేదు. అక్క మెట్లెక్కితే ఆయాసపడుతూ ఆగిపోయేది, వయసు మీద పడుతోందే అని నవ్వేది. ఒకసారి మాత్రం పెద్దాసుపత్రికి వెళ్ళింది, తనే తోడు వెళ్ళింది. కిటికీ వెనకాల కూర్చున్నావిడ తల కూడా ఎత్తకుండా, బీమా ఉందా, కార్డు ఉందా అని అడిగింది. లేదంటే పక్కకి నిలబడమంది. చాలాసేపు పక్కకి నిలబడ్డారు. నిలబడటం అలవాటైన వాళ్ళే గనక అదేం కష్టం కాలేదు, కానీ నిలబడ్డకొద్దీ అక్క ముఖంలో సిగ్గు పెరిగిపోయింది, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు. "పద చెల్లీ, ఉత్త ఇస్త్రీ నొప్పికి ఇంత హడావిడి ఏమిటి, దుప్పట్లు ఆరిపోతాయి" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది.

తర్వాత ఒకనాడు దుప్పటి మధ్యకి మడిచి ఎదురు నడిచింది పిన్ని, అక్క నడవలేదు. దుప్పటి కొసలు రెండూ చేతుల్లో అలాగే ఉన్నాయి, మనిషి కిందికి జారిపోయింది. ఎవరు అరిచారో, ఎవరు మెయిన్ హ్యాండిల్ లాగారో గుర్తు లేదు, మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోవడం మాత్రం గుర్తుంది. ఈ వీధిలో అన్నీ షెడ్లే, ఇటు అట్టపెట్టెల షెడ్డు, అటు దారం మిల్లు, ఆ చివర సీసాలు కడిగే చోటు. ఎవరి రొద వాళ్ళది, అందరి రొదా అందరికీ అలవాటు. వేళ కాని వేళ ఎక్కడైనా మిషను ఆగిందంటే అక్కడెవరో పోయారని లెక్క. లేకపోతే ఎవరి చెయ్యో నలిగిందని. ఇంకెందుకూ ఆపరు. అందుకే మిషను ఆగితే చాలు, వీధి వీధంతా చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొస్తుంది, ఎవరు, ఎవరు అని. ఆరోజూ అలాగే వచ్చారు. పిల్ల అప్పుడు వెనక గదిలో డ్రమ్ముల దగ్గర ఉంది. ఎవరూ చెప్పలేదు దానికి, ఆ నిశ్శబ్దమే చెప్పింది. ఎవరు, అని అడుగుతూ వచ్చి, అందరూ తనవైపే చూడటం చూసి ఆగిపోయింది.

ఆ పిల్లే ఇప్పుడు దుప్పటికి రెండో కొస. తల్లి నిలబడ్డ చోటే నిలబడుతుంది, తల్లి నడిచినట్టే నడుస్తుంది. మొన్నామధ్య కొసలు అందించబోతూ ఆగి, కుడి చేత్తో ఎడమ చెయ్యి నొక్కుకుంది.  ఏమిటే అంటే, ఏం లేదు పిన్నీ, ఇస్త్రీ నొప్పి అంది. ఆ మాట ఆ నోట విన్నాక పిన్నికి ముద్ద దిగలేదు. డాక్టరు దగ్గరికి పద అంటే కస్సుమంది. "ఆ కిటికీ ముందు నన్ను కూడా నిలబెడతావా? మా అమ్మ నిలబడింది చాలు."  సరే, ఇది కిటికీ దగ్గరికి రాదు, అయితే డాక్టరే బల్ల దగ్గరికి రావాలి అనుకుంది పిన్ని. నాలుగు వీధుల అవతల ఆడవాళ్ళ క్లినిక్కు ఉందని ఎవరో అంటే పోయి కూర్చుంది. డాక్టరమ్మ చిన్నపిల్ల, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారుతుంటాయి, మేం బీమా లేనివాళ్ళకే చూస్తాం రమ్మనండి అంది. రారమ్మా, మీరే రావాలి అంది పిన్ని. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వెళ్ళింది. చెవిలో జోరీగలా పోరితే చివరికి ఆ డాక్టరమ్మే నవ్వేసి, మీ బాధ పడలేకపోతున్నాను, పెట్టె పట్టుకుని నేనే వస్తాను అంది. వచ్చింది. వచ్చి ఇప్పుడు నర్సమ్మ భుజం మీదుగా వంగి కాగితం చూస్తోంది, కళ్ళద్దాలు పైకి తోసుకుంటోంది.

"ఇది ఆవిడ గుండె కాదు" అంది డాక్టరమ్మ, నర్సమ్మతో. "ఈ మోటార్ల వల్ల. పక్కనే ఇంత పెద్ద మోటార్లు తిరుగుతుంటే గీత ఇలాగే వస్తుంది. మన పెట్టె బ్యాటరీది, కరెంటు ఆపినా దానికేం కాదు. మిషన్లు ఆపితే గానీ లాభం లేదు." పిన్నికి ప్రాణం లేచొచ్చింది, వెంటనే మళ్ళీ కూలబడింది. మిషన్లు ఆపడమా. ఇక్కడా. దుప్పటి అవతల సూపర్వైజరు నీడ అప్పుడే అటూ ఇటూ తిరుగుతోంది, లోపలికి రాలేడు పాపం, ఆడవాళ్ళ చాటు. అక్కడి నుంచే గొంతు పెంచాడు. "అమ్మా డాక్టరుగారూ, ఒక్కొక్కరు వెళ్ళి చూపించుకుంటామంటే సరే అన్నాను. మిషన్లు ఆపడం నా వల్ల కాదు. వేడి దిగితే మళ్ళీ ఎక్కేసరికి పూట గడిచిపోతుంది. సాయంత్రానికి హోటలు బండి వస్తుంది, నేనేం చెప్పను?" చెడ్డవాడేం కాదు, హోటలు వాళ్ళు కసిరితే ఇక్కడొచ్చి కసురుతాడు, అంతే. డాక్టరమ్మ నెమ్మదిగా ఏదో చెప్పబోయింది, రొదలో అతనికి వినబడలేదు, అతను చెప్పింది ఈవిడకి వినబడలేదు. నీడ విసుగ్గా తన గది వైపు వెళ్ళిపోయింది. లేచి వెళ్ళి నాలుగు కడిగేద్దామా అంటే పిన్ని ఒంటి నిండా తీగలే. అయిపోయింది, అనుకుంది. ఇంత చేసి ఇక్కడికొచ్చి చతికిలపడ్డాం. వాళ్ళు పెట్టె సర్దుకుని వెళ్ళిపోతారు, గోడకి ఆనుకున్నవాళ్ళు పనుల్లోకి వెళ్ళిపోతారు, రేపు పిల్ల దుప్పటి కొస పట్టుకుని తన ఎదురుగా నిలబడుతుంది, తను మడిచి ఎదురు నడుస్తుంది, అది నడుస్తుందో లేదో రోజూ చూసుకుంటూ.

దుప్పటి పక్కకి జరిగింది. పిల్ల. చేతుల మీద తడి, ముఖం పాలిపోయి ఉంది. బయట అందరూ పిన్ని కాగితం కూడా వణికిందట అనుకుంటున్నారు కాబోలు, ఆ మాట పట్టుకుని వచ్చింది. బల్ల మీద తీగలతో పడుకున్న పిన్నిని చూసింది, నర్సమ్మ చేతిలోని బొచ్చు గీత చూసింది. "పిన్నీ, నీకు కూడానా" అంది. మాట్లాడొద్దన్నారని పిన్ని తల అడ్డంగా ఊపింది, ఊపకూడదని మళ్ళీ ఆపేసింది, పాపం దానికి ఏమని అర్థమయ్యిందో. నర్సమ్మ చెప్పింది, కాదమ్మా, మిషన్ల వల్ల ఏమీ కనబడటం లేదు, ఆపితే తెలుస్తుంది, మీవాళ్ళు ఆపరంటున్నారు అని. పిల్ల ఒక్క క్షణం నిలబడింది. ఆ నిలబడటం అచ్చం తల్లిదే, కొసలు అందించే ముందు నిలబడినట్టు. తర్వాత వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. దాని నీడ దుప్పటి మీదుగా సాగి, గోడ వైపు వెళ్ళింది. మెయిన్ హ్యాండిల్ ఉన్న గోడ. పిన్నికి అర్థమైంది. ఆ హ్యాండిల్ కిందికి పడ్డ చప్పుడు వింటే ఏం గుర్తొస్తుందో ఆ పిల్లకి, అయినా అదే లాగింది.

ముందు రోలర్లు నెమ్మదించాయి, తర్వాత డ్రమ్ములు ఒక్కొక్కటే దొర్లడం మానేశాయి, చివరికి ఎక్కడో ఒక గొట్టంలో ఆవిరి నిట్టూర్చి ఊరుకుంది. బల్ల అదరడం మానేసింది. ఇన్నేళ్ళలో ఈ గదిలో ఇంత నిశ్శబ్దం ఒక్కసారే విన్నది పిన్ని, అప్పుడు అందులో ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు. ఇప్పుడు పైన పిచ్చుక వినబడుతోంది. ఎవరో ముక్కు చీదడం వినబడుతోంది. కిటికీలోంచి వచ్చే వెలుగు తప్ప దీపాలు కూడా లేవు, ఆ వెలుగులో దుప్పట్లన్నీ తెల్లగా నిలబడి ఉన్నాయి, ఆ తెలుపులో, పక్కటెముకల లోపల, ఏదో మెత్తగా, తొందరేం లేకుండా, తలుపు తడుతున్నట్టు. ఓసినీ, నువ్వేనా. ఇంతకాలం నువ్విక్కడే ఉన్నావా, ఈ రొదలో నీ మాట ఒక్కనాడు వినలేదే నేను. కళ్ళ పక్క నుంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోయాయి, తుడుచుకోవడానికి వీల్లేదు, పోనీలే అనుకుంది, హాయిగా ఉంది. పెట్టె కిర్రుమంటూ కాగితం కక్కింది. సన్నటి గీత, శుభ్రంగా, దూదిలోంచి తీసిన దారంలా. డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని నవ్వింది. "పిన్నిగారూ, మీ గుండె మీ నోటి కంటే చాలా నెమ్మదస్తురాలు."

సూపర్వైజరు తన గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు, తిట్టడానికి కాదు. దుప్పటి దగ్గర నీడ ఆగింది. "ఎవరు? ఎవరికేమైంది?" అలవాటు అలాంటిది మరి, ఆ ఒక్క నిమిషం హోటలూ బండీ అన్నీ మరిచిపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదని తెలిశాక కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ అది సమయానికి రాలేదు. "ఇప్పుడు హోటలుకి నేనేం చెప్పాలి పిన్నీ" అన్నాడు నీరసంగా. పిన్ని లేచి కూర్చుని గుండీలు పెట్టుకుంటూ, "దుప్పట్లకి ఇవాళ ఒంట్లో బాగాలేదని చెప్పు బాబూ, రేపు పంపిస్తామను" అంది. గోడ వైపు నుంచి నవ్వులు వినబడ్డాయి, అన్నిటికంటే పెద్ద నవ్వు తొందరమ్మది.

పిల్ల వచ్చి బల్ల పక్కన నిలబడింది. ఎక్కమని పిన్ని అనలేదు. బల్ల మీది తువ్వాలు తీసి దులిపింది, రెండో కొస గాలిలో ఊగితే అలవాటుగా పిల్ల అందుకుంది, ఇద్దరూ కలిసి మడిచారు, ఆ మడత తల కింద పెట్టుకుని పిల్ల పడుకుంది. దాని చెయ్యి పట్టుకుని నిలబడింది పిన్ని, మణికట్టుకి తీగ బిగించారు గనక వేళ్ళు మాత్రం. గీత వచ్చింది. వణుకు లేదు, శుభ్రంగా ఉంది, కానీ డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు, కాగితాన్ని కిటికీ వెలుగుకి పట్టి చాలాసేపు చూసింది. చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూసింది, కాసేపాగి మళ్ళీ చూసింది. పిన్ని చెయ్యి వదల్లేదు. "రక్తపోటు బాగా ఎక్కువగా ఉందమ్మా" అంది డాక్టరమ్మ, పిల్లతోనే, పిల్ల కళ్ళలోకే చూస్తూ. "చాలాకాలంగా ఉన్నట్టుంది. గుండెకి పని ఎక్కువై కండ మందమవుతోంది. భయపడకండి. ఇప్పుడే పట్టుకున్నాం కాబట్టి మందులతో అదుపులో పెట్టొచ్చు. రేపు మా క్లినిక్కులో స్కాను తీస్తాను. అక్కడ కిటికీ లేదు, ఎవరూ ఏ కార్డూ అడగరు." పిల్ల పైకప్పు వైపే చూస్తూ, "మా అమ్మకి కూడా ఇలాగే మొదలయ్యి ఉంటుందా" అని అడిగింది. అయ్యుండొచ్చు అంది డాక్టరమ్మ. పిల్ల డాక్టరమ్మ వైపు తిరిగింది. "అయితే నాకు ముందే దొరికింది" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో దానికే తెలియదు. పిన్నికి మాత్రం తెలుసు, ఒళ్ళంతా తెలుసు, అరవాలనుంది, ఈ బల్ల ఎక్కి గంతులెయ్యాలనుంది, దొరికింది అక్కా, నీ కూతురికి ముందే దొరికింది, నేను కొస వదల్లేదు.

అప్పుడు వినబడ్డాయి, వీధిలో పరుగులు. మిషన్లు ఆగి ఇంతసేపైంది, వీధంతా వస్తుందని ఎవరికీ తట్టనే లేదు. అట్టపెట్టెల షెడ్డు నుంచి, దారం మిల్లు నుంచి, చివర సీసాలు కడిగే చోటు నుంచి ఆడవాళ్ళు, జుట్టులో దారపు నూగు, చేతులకి జిగురు, తడిసిన చేతితొడుగులు, ఎగపోసుకుంటూ వచ్చి గేటు దగ్గర గుమిగూడారు. ఎవరు, ఎవరు పోయారు అని ఒకటే అడగడం. ఎవరి నోటి నుంచి ఎవరి పేరు వస్తుందోనని బిక్కచచ్చిపోయి ఉన్నాయి ముఖాలన్నీ. పిన్ని చెప్పబోయింది. అంతకుముందే పిల్ల బల్ల దిగింది, ఏప్రన్ బిగించుకుంటూ దుప్పటి తప్పించుకుని గుమ్మంలోకి వెళ్ళింది. మెడ మీద బంక ఇంకా మెరుస్తోంది. "ఎవరూ పోలేదు" అంది. "ఎవరూ పోకూడదనే ఆపాం. లోపలికి రండి, గుండె చూస్తున్నారు."

ఎవరూ కదల్లేదు. మిల్లు ఆవిడ ఒకరు, చూస్తే అక్క వయసే ఉంటుంది, ఎడమ భుజం నొక్కుకుంటూ, "మాకు బీమా అదీ ఏం లేదమ్మా" అంది. "మాకూ లేదు" అంది పిల్ల. "పడుకుంటే చాలు." ఆవిడ ఇంకా సందేహంగా చూస్తుంటే తొందరమ్మ అడ్డొచ్చి, నేను ముందు, నాది మళ్ళీ తియ్యాలి, నా తర్వాత నువ్వు అని చెయ్యి పట్టి లోపలికి లాగింది, వెనకాల ఒకరి తర్వాత ఒకరు వరస కట్టారు, వరస గేటు దాటి వీధిలోకి సాగింది. డాక్టరమ్మ ఆ వరస చూసి, ఇవాళ్టితో అయ్యే పని కాదు పిన్నిగారూ, వారం వారం రావాలి అంది, మరి రామ్మా, ఎవరొద్దన్నారు అంది పిన్ని. సూపర్వైజరు హోటలుకి ఫోను చేసి దుప్పట్లు రేపే అని చెబుతున్నాడు, చెప్పడం అయ్యాక కూడా ఫోను పెట్టెయ్యకుండా ఇంటికి చేసి భార్యని రమ్మంటున్నాడు. పిన్ని కొత్త తువ్వాలు తీసింది, ఒక కొస పిల్లకి విసిరింది, పిల్ల అందుకుంది, ఇద్దరూ ఎదురెదురు నడిచారు. అంతలో పక్కన అట్టపెట్టెల షెడ్డులో మిషను ఆగింది. కాసేపటికి దారం మిల్లు కూడా ఆగింది. ఎవరు, అని ఈసారి ఎవరూ అడగలేదు, వచ్చేవాళ్ళకి వరసలో చోటిస్తూ కాస్త జరిగారు.